నాలుగో రోజు కట్టు

1865 ఆగస్టు 16, బుధవారం. గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో మగవాళ్ల ప్రమాదాల వార్డు. కాలు కొంచెం ఇబ్బందిగా ఉందన్నాడు పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్. ఆ మాట వినగానే సర్జన్ జోసెఫ్ లిస్టర్ గుండె గుభేలుమని ఉంటుంది. ఎముక విరిగి, పైన తోలు కూడా చీలిన కాలు నాలుగో రోజున సలపడం మొదలుపెట్టిందంటే తర్వాత ఏం జరుగుతుందో ఆ వార్డులో అందరికీ తెలుసు.

పిల్లవాడి ఎడమ కాలికి రెండు వైపులా దూది పరిచిన అట్టబద్దలు కట్టి ఉన్నాయి. మోకాలు మడిచి, కాలిని బయటి వైపుకి ఆనించి పడుకోబెట్టారు. నాలుగు రోజులుగా ఎవరూ ఆ కట్టు జోలికి పోలేదు. లిస్టర్ లోపలి వైపు బద్ద తీశారు. ఇక గుడ్డ ఎత్తి చూడాలి. ఆ రోజుల్లో కట్టు లోపల ఏముందో కంటికన్నా ముందు ముక్కుకి తెలిసేది.

శనివారం జరిగిందీ ప్రమాదం. ఒక ఖాళీ బండి చక్రం పిల్లవాడి కాలి మీదుగా, మోకాలికీ మడమకీ నడిమికి కాస్త కిందుగా, ఎక్కి వెళ్లిపోయింది. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక విరిగింది. గాయం చూడ్డానికి చిన్నదే. అంగుళన్నర పొడవు, ముప్పాతిక అంగుళం వెడల్పు. సరిగ్గా విరుపు మీద కూడా లేదు, పక్కగా ఉంది. కానీ సలాక లోపలికి పోనిచ్చి చూస్తే అది తోలు కిందుగా విరిగిన చోటుదాకా, అక్కణ్ణుంచి ఇంకా కొన్ని అంగుళాలు సాఫీగా జారిపోయింది. బయటి గాలికీ విరిగిన ఎముకకీ మధ్య దారి తెరుచుకుని ఉందన్నమాట.

లిస్టర్‌ని ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న ఇక్కడే ఉంది. అదే ఎముక, అదే విరుపు. పైన తోలు చీలకపోతే మనిషి కొన్ని వారాలు మంచంలో ఉండి లేచి నడిచిపోతాడు. తోలు చీలితే చీము పడుతుంది, జ్వరం వస్తుంది, కాలు తీసేయాల్సి వస్తుంది. తీసేసినా బతుకుతాడన్న నమ్మకం లేదు. ఆయన వార్డులోనే 1864, 1866 సంవత్సరాల్లో కాళ్లూ చేతులూ తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. చెడుగాలి వల్ల పుండు కుళ్లుతుందని పెద్ద డాక్టర్లు చెప్పేవాళ్లు. పల్చగా, నీచువాసనతో కారకుండా చిక్కగా, తెల్లగా వస్తే అది 'మంచి చీము' అనీ, పుండు మానే దారిలో ఉందనీ అనుకునేవాళ్లు. 

ఆ వార్డు ఎలాంటి చోట ఉందో లిస్టర్ తర్వాత స్వయంగా రాశారు. 1849 కలరాలో పోయినవాళ్ల శవపేటికలు గోడ పక్కనే, నేలకి కొద్ది అంగుళాల లోతులో, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దగ్గర్లోనే కెథడ్రల్ శ్మశానం. ఆపరేషన్ చేసే సర్జన్లు నెత్తురు ఎండి అట్టకట్టిన పాత కోటే వేసుకునేవాళ్లు. అది ఎంత బిరుసెక్కితే అంత అనుభవం ఉన్నట్టు లెక్క. క్లోరోఫాం వచ్చాక నొప్పి తెలియకుండా కోయడం సులువైంది. కోసిన చోటు మానడం మాత్రం పాతకాలంలోనే ఉండిపోయింది.

లిస్టర్‌కి దారి చూపింది మరో సర్జన్ కాదు, గ్లాస్గో యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ థామస్ ఆండర్సన్. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ రాసిన వ్యాసాలు చదవమన్నారు. ద్రవాలు కుళ్లేది గాలి వల్ల కాదు, గాలిలో తేలే సూక్ష్మజీవుల వల్ల అన్నాడు పాశ్చర్. వాటిని వేడితో చంపవచ్చు, వడకట్టవచ్చు, ఏదైనా మందుతో చంపవచ్చు. మనిషి కండని ఉడకబెట్టలేం, వడకట్టలేం. మిగిలింది మందే. కార్లైల్ పట్టణంలో మురుగునీటికి కార్బాలిక్ ఆమ్లం కలిపితే కంపు పోయిందనీ, ఆ నీరు పారిన పొలాల్లో మేసిన పశువులకి జబ్బులు తగ్గాయనీ లిస్టర్ అప్పటికే చదివి ఉన్నారు. ఆ ఆమ్లాన్నే మనం ఫినాల్ అంటున్నాం. ఆండర్సన్ ఇచ్చిన సరుకు తారులా నల్లగా, ఘాటుగా ఉండేది. మార్చి నెలలో ఒక రోగి విరిగిన కాలు మీద మొదటిసారి వాడి చూశారు. ఆ గాయం కుళ్లింది. జేమ్స్‌ది రెండో ప్రయత్నం.

శనివారం హౌస్ సర్జన్ డాక్టర్ మాక్‌ఫీ, లిస్టర్ చెప్పినట్టే, ఆ ఆమ్లంలో ముంచిన గుడ్డ గాయం మీద పరిచారు. తోలు అంచులు దగ్గరికి లాగి కుట్లు వెయ్యలేదు. నా మటుకు నాకు ఈ గాథలో అసలైన ధైర్యం ఇదే. మందు చల్లడం ఎవరైనా చేస్తారు. తెరుచుకున్న గాయాన్ని తెరుచుకునే ఉండనిచ్చి, లోపలికి క్రిమి పోకుండా పైన కాపలా పెట్టి, నాలుగు రోజులు చెయ్యి వెయ్యకుండా ఆగడానికి మనసు గట్టిగా ఉండాలి.

గాయాన్ని అలా తెరిచి ఉంచడం ఇప్పటికీ ఉంది. కిందటేడు మా మేనల్లుడు బైకు మీంచి పడ్డాడు. పిక్క మీద అరచేతి మేర తోలు చీలి, మట్టీ ఇసకా లోపలికి పోయాయి. క్యాజువాలిటీలో డాక్టరు గాయాన్ని సెలైన్‌తో కడిగారు, చచ్చిన కండ కత్తిరించారు, తడి గాజుగుడ్డ కూరి కట్టు కట్టేశారు. కుట్లు వెయ్యలేదని మా అక్క ఎంత గొడవపడిందో చెప్పలేను. "పేదవాళ్లమనేనా ఇలా వదిలేశారు?" అని అడిగింది. అక్కడున్న ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "అమ్మా, లోపల మురికి ఉంచి పైన కుడితే చీముకి మనమే సంచి కుట్టిపెట్టినట్టు. ఐదో రోజు చూసి, శుభ్రంగా ఉంటే అప్పుడు కుడతారు."

ఆయన అన్నది ఆపరేషన్ థియేటర్లో రోజూ నడిచే లెక్కే. గాయాల్ని నాలుగు తరగతులుగా రాసుకుంటారు. హెర్నియా, థైరాయిడ్ లాంటి చోట్ల సర్జన్ శుభ్రంగా కోసింది మొదటిది. పిత్తాశయంలా లోపలి గొట్టాల్ని తెరవాల్సి వచ్చినా ఏమీ ఒలకకుండా ముగిసింది రెండోది. రోడ్డు ప్రమాదంలో అప్పుడే అయిన గాయం మూడోది. పగిలి చీము నిండిన అపెండిక్స్ నాలుగోది. మొదటిదాన్ని అప్పటికప్పుడే కుట్టేస్తారు, అంచుకి అంచు అతుక్కుని సన్నని గీతలా మానుతుంది. మురికిదైతే తెరిచి ఉంచుతారు. నాలుగైదు రోజులు చూసి కుడతారు, లేదా అసలు కుట్టకుండా అడుగు నుంచి కొత్త కండ పడి పూడేదాకా ఆగుతారు. ఆ కొత్త కండ ఎర్రగా, గింజలు గింజలుగా ఉంటుంది. చూస్తే భయం వేస్తుంది గానీ, డ్రెస్సింగ్ మార్చే చెయ్యి కోరుకునేది ఆ ఎరుపునే. కాకపోతే అలా మానడానికి వారాలు పడుతుంది, మచ్చ పెద్దదవుతుంది. ఎలా మానినా అక్కడి తోలుకి మునుపటి బలం పూర్తిగా రాదు, మహా అయితే 80 శాతం.

మళ్లీ గ్లాస్గోకి వద్దాం. లిస్టర్ గుడ్డ ఎత్తారు.

చీము లేదు. గాయం చుట్టూ తోలు కాస్త ఎర్రబడింది, అంతే. మందు ఘాటుకి వచ్చిన ఎరుపే కావచ్చు. కార్బాలిక్ ఆమ్లం కొద్దిగా కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి మళ్లీ కట్టారు. ఐదు రోజుల్లో ఎరుపూ పోయింది, ఇబ్బందీ పోయింది. ఆమ్లానికి కాలిన పైపొర పెచ్చులుగా ఊడుతోంది. చుట్టూ తోలు ఒరుసుకుపోతోందని నీళ్లు మాని, ఒక పాలు ఆమ్లానికి పది నుంచి ఇరవై పాళ్ల ఆలివ్ నూనె కలిపి నాలుగు రోజులు పట్టించారు. పుండు పైన కాస్త చీములాంటిది కనబడింది. తోలు కింద నుంచి, ఆ సలాక జారిపోయిన దారిలోంచి, ఒక్క చుక్క రాలేదు. అప్పటికి గాని ఆయన వట్టి నీళ్ల కట్టుకి ఒప్పుకోలేదు.

ఇదంతా ఆయన అప్పుడే పేపరుకెక్కించలేదు. మరి కొందరి మీద చూసి, ఒకరికి కాలు తీసేయాల్సి రావడం, ఒకరు చనిపోవడం కూడా దాచకుండా, మొత్తం 11 మంది వివరాల్ని 1867లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ వరసలో మొదటి పేరు జేమ్స్‌దే. అదే వార్డులో ఆ ఏడాదితో మొదలుపెట్టి మూడేళ్లలో కాళ్లూ చేతులూ తీసేసిన 40 మందిలో చనిపోయింది ఆరుగురు.

సెప్టెంబరు చివర్లో, సరిగ్గా ఆరు వారాలు నిండాక, లిస్టర్ జేమ్స్ కాలు చేత్తో పట్టుకుని విరిగిన చోట నొక్కి చూశారు. ఎముక కదల్లేదు. అట్టబద్దలు తీసి పక్కన పెట్టేశారు. మరో రెండు రోజులకి పుండు పూర్తిగా మూసుకుంది.