గాలి స్పీడ్ కొలిచాం.. మరి నీళ్ల సంగతి? దివిసీమ నుంచి ఎల్బీనగర్ దాకా

2020 అక్టోబర్ 13, మంగళవారం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఉండేవాళ్లకు ఈ డేట్ ఒక్కటి చెప్తే చాలు, మిగతాదంతా గుర్తొచ్చేస్తుంది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కోదండరాం నగర్ లాంటి కాలనీలు మునిగాయి. సెల్లార్లు నిండాయి. వీధుల్లో పడవలు తిరిగాయి. బేగంపేటలో ఒక్కరోజులో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. ఘట్‌కేసర్ వైపైతే 30 దాటింది.

ఇప్పుడు ఒక విషయం చెప్తా, నమ్మలేరు. వాతావరణ శాఖ లెక్కలో అది తుపానే కాదు! ఆ రోజు పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటినప్పుడు అది కేవలం 'తీవ్ర వాయుగుండం'. అందుకే హుద్‌హుద్‌కి ఉన్నట్టు దానికి పేరు కూడా లేదు. మరి తుపాను కానిది మన కాలనీలను ఎలా ముంచింది? ఇది అర్థం కావాలంటే ముందు తుపాను ఎలా పుడుతుందో చూడాలి.

సముద్రం పైన నీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆవిరి బాగా లేస్తుంది. పైకెళ్లి చల్లబడి మేఘం అవుతుంది. అలా అయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న తడి గాలి దూసుకొస్తుంది. మళ్లీ ఆవిరి, మళ్లీ వేడి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ఆగని లూప్. భూమి తిరగడం వల్ల ఆ గాలి నేరుగా రాకుండా, మన వైపు గడియారానికి వ్యతిరేక దిశలో సుడి తిరుగుతుంది. అమెరికాలో హరికేన్ అన్నా, జపాన్‌లో టైఫూన్ అన్నా, మన దగ్గర తుపాను అన్నా ఒకటే.

మరి కొలిచేది దేన్ని? గాలిని. మూడు నిమిషాల సగటు వేగం గంటకు 50 కిలోమీటర్లకు చేరితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుపాను, 222కి చేరితే సూపర్ సైక్లోన్. అమెరికా వాళ్లు ఒక్క నిమిషం సగటు తీసుకుంటారు, అందుకే వాళ్ల నంబర్, మన నంబర్ కలవవు. మన దగ్గర నడిసముద్రంలో గాలిని సాధారణంగా ఎవరూ వెళ్లి కొలవరు. శాటిలైట్ ఫోటోలో మేఘాలు ఎలా చుట్టుకున్నాయో, కన్ను ఎంత స్పష్టంగా ఉందో చూసి అంచనా వేస్తారు. 1970లలో డ్వోరాక్ అనే అమెరికన్ తెచ్చిన పద్ధతి ఇది. తీరం దగ్గరికి వచ్చాక రాడార్ పట్టుకుంటుంది.

గమనించారా? ఈ లిస్టులో నీళ్లు ఎక్కడా లేవు. చరిత్రలో మనవాళ్లను ఎక్కువగా చంపింది మాత్రం నీళ్లే.

ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సెక్కి, అక్కడి నుంచి అవనిగడ్డ వెళ్లండి. అదే దివిసీమ. కృష్ణా నది పాయల మధ్య, సముద్రానికి ఆనుకుని ఉన్న పల్లపు నేల. 1977 నవంబర్ 19న తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెట్టింది. మన తీరం దగ్గర లోతు తక్కువ, వచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి లేదు. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన ఊళ్ల మీద పడింది. పది వేల మందికి పైగా చనిపోయారు. అప్పటి పూరిళ్లలో ఎక్కి నిలబడడానికి ఒక గట్టి మేడ కూడా దొరకని ఊళ్లెన్నో.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, దాదాపు అదే చోటికి అంతే భయంకరమైన తుపాను వచ్చింది. అధికారిక లెక్క ప్రకారం చనిపోయింది 967 మంది. అదీ చిన్న సంఖ్యేం కాదు. కానీ పది వేలు ఎక్కడ, 967 ఎక్కడ? గాలి తగ్గలేదు ఫ్రెండ్స్. ఈసారి లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. తుపాను షెల్టర్లు కట్టారు. తేడా అదే.

సరే, అది తీరం. మన హైదరాబాద్ సముద్రానికి ఎంతో దూరం కదా అంటారా? నేల మీదికి రాగానే తుపానుకు ఆవిరి అందదు, గాలి తగ్గిపోతుంది. కానీ మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికి పోతాయి? వానగా పడాల్సిందే. 1908 సెప్టెంబర్‌లో జరిగింది ఇదే. బంగాళాఖాతం నుంచి వచ్చిన వాయుగుండం షంషాబాద్‌లో 24 గంటల్లో 32 సెంటీమీటర్ల వాన కురిపించింది. పైనున్న చెరువులు రెండు వందలకు పైగా తెగాయి. 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని తీసుకెళ్లింది. ఆ తర్వాతే నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఆ రెండూ మూసీ పైభాగం నుంచి వచ్చే వరదను అడ్డుకుంటాయి. మన వైపు సరూర్‌నగర్ లాంటి చెరువుల కింద ఉన్న కాలనీలకు అవి అడ్డం రావు. ఇక్కడ కాపాడాల్సింది నాలాలు. నీళ్లు పోవాల్సిన దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం. 2020లో నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నాయి, అంతే.

కాబట్టి ఈసారి ఫోన్‌లో అలర్ట్ వస్తే, "ఓస్, వాయుగుండమే కదా" అని స్వైప్ చేసేయకండి. ఆ పేరు గాలిది మాత్రమే. ఎన్ని సెంటీమీటర్ల వాన అన్నారో చూడండి. 20 దాటొచ్చు అంటే అది 'అత్యంత భారీ వర్షం'. తీరంలో మనవాళ్లుంటే ఉప్పెన ఎన్ని మీటర్లు అన్నారో చూసి ఫోన్ చేయండి. మీ ఇల్లు ఏ చెరువు కింద ఉందో ఇవాళే మ్యాప్‌లో వెతకండి. కింది ఫ్లోర్‌లో, సెల్లార్ పక్క రూమ్‌లో ఎవరుంటున్నారో కూడా చూడండి. వాచ్‌మన్ కుటుంబమే కదా? ముందు లేపాల్సింది వాళ్లనే.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. జాగ్రత్త, మళ్లీ కలుద్దాం.