లంకెకీ ఒక చిరునామా

ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అప్పటిదాకా కరణంగారి దగ్గరున్న అడంగల్ చేతులు మారి, చివరికి మండలాఫీసుకి చేరింది. ఇప్పుడు "ఈ అడంగల్ ఎవరిది?" అనడిగితే ఒక్క పేరు చెప్పి ఊరుకోలేం కదా! ఎవరి దగ్గర, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఉందో చెప్పాలి.

ఈ ఎపిసోడ్‌లో చెప్పుకున్న ఆస్ట్రేలియా కథా ఇలాంటిదే. నార్తర్న్ టెరిటరీ పాలన 1911లో కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. మొదట ఎక్స్‌టర్నల్ అఫైర్స్ శాఖ చూసింది. 1916లో హోమ్ అండ్ టెరిటరీస్‌కి వెళ్ళింది. ఇంకా చేతులు మారి 1951లో టెరిటరీస్ శాఖకి చేరింది. శాఖలు పోయినా పని ఆగలేదు, ఫైళ్ళు కొత్త శాఖ వెంట నడిచాయి. అమెరికా నుంచి వచ్చిన 'రికార్డ్ గ్రూప్' పద్ధతిలో ఒక ఫైళ్ళ వరస ఒకే గ్రూపులో ఉండాలి. మరి వీటిని ఎవరి ఖాతాలో వెయ్యాలి?

కాన్‌బెర్రాలో కామన్వెల్త్ ఆర్కైవ్స్ ఆఫీసు ఉద్యోగి పీటర్ స్కాట్, 1966లో 'అమెరికన్ ఆర్కివిస్ట్' పత్రికలో ఆ పద్ధతినే వదిలెయ్యమని రాశాడు. శాఖల్ని విడిగా, ఫైళ్ళ సిరీస్‌ని విడిగా నమోదు చేసి, మధ్యలో లంకెలు వెయ్యాలన్నాడు. ఏ లంకె ఎప్పటిదో తేదీలు చెబుతాయి.

తేదీ శాఖదీ కాదు, ఫైలుదీ కాదు, లంకెది. అంటే లంకె గురించి కూడా మాట్లాడుకోవాలి. టాపిక్ మ్యాప్స్‌లో దీనికి వాడే ఉపాయం పేరు రీఇఫికేషన్. 2006 నాటి ఐఎస్ఓ డేటా మోడల్‌లో, రెండు టాపిక్‌ల మధ్య అసోసియేషన్‌కి ప్రతినిధిగా ఇంకో టాపిక్‌ని నిలబెట్టొచ్చు. ఆధారం ఏమిటి, ఎవరు నమోదు చేశారు లాంటివన్నీ ఆ టాపిక్‌కి తగిలిస్తాం. ప్రోగ్రామర్లు వాడే టీఎంఏపీఐలో సెట్‌రీఇఫైయర్ చేసేది ఈ పనే. ఒక టాపిక్ ఒక్క లంకెకే ప్రతినిధి, రెండోదానికి పెట్టబోతే ఒప్పుకోదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ రికార్డుల మెటాడేటా ప్రమాణం కూడా 2008లో 'సంబంధం' అనేదాన్ని ఒక ఎంటిటీగానే లెక్కవేసింది.

ఇదంతా గుమాస్తాల గొడవ అనుకోకండి. తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్ళిన ఆదివాసీ పిల్లల వివరాలు ఈ టెరిటరీ ఫైళ్ళలో ఉన్నాయి. 1997 నాటి 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక తర్వాత నేషనల్ ఆర్కైవ్స్ వాటికి పేర్ల సూచిక తయారుచేసింది. అమ్మ పేరు కోసం వెతుక్కుంటూ వచ్చిన మనిషికి "ఆ శాఖ ఇప్పుడు లేదండీ" అని చెప్పి పంపించెయ్యలేం. ఆ ఫైలు తర్వాత ఎవరి చేతికి వెళ్ళిందో చెప్పేది ఆ లంకే.