ఇప్పపువ్వుకు ఎన్ని మార్కులు?



దాదాలకు, బాయిలకు, హాస్టళ్లలో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. ఈ పోస్టు కొంచెం పొడుగే ఉంటది. ఓపికతో చివరిదాకా చదవండి. తాగుడు గొప్పదని చెప్పడానికి రాస్తలేం. తాగే దాని వెనక ఒక చరిత్ర ఉంది, ఆ చరిత్రలో మనం ఎక్కడున్నమో చెప్పడానికి రాస్తున్నం.

మొన్న హైదరాబాద్‌లో మాలో కొందరం, 21 ఏండ్లు నిండినవాళ్లమే, ఒక చోటికి పోయినం. బీరు అక్కడనే కాచి అక్కడనే పోస్తరు. ఏదో పండు రసం కలిపిన గోధుమ బీరు తెప్పించుకున్నం. గ్లాసు మీద తెల్లటి నురగ, లోపల లేత గులాబీ రంగు. మొదటి గుక్కకు పులుపు, తర్వాత కొంచెం తీపి, చివరికి అరటిపండు వాసన లాంటిది. నేరేడు పండ్లు తిన్నంక నాలుక ఎట్ల బిగుసుకపోతదో గట్ల కొంచెం బిగుసుకపోయింది. పక్క టేబుల్ వాళ్లు ఫోన్ తీసి దానికి నక్షత్రాలు వేస్తున్నరు. వాసనకు ఇన్ని, రంగుకు ఇన్ని, నురగకు ఇన్ని అని. మేమూ మాట్లాడుకుని ఐదుకు మూడు ఇచ్చినం.

అప్పుడు మాలో ఒకరు అడిగిన ప్రశ్నకే ఈ పోస్టు పుట్టింది: "మన ఇప్పకు ఎవరన్న మార్కులు వేసిండ్రా?"

నవ్వుకున్నం. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మార్కులు వేసిండ్రు. కానీ వేసింది రుచి చూసినోళ్లు కాదు, ఆబ్కారీ కచ్చేరి. ఆ మార్కు పేరు నేరం.

ముందు ఆ గోధుమ బీరు సంగతే చూద్దాం. అది జర్మనీలోని బవేరియా ప్రాంతం తాగుడు. 1516లో అక్కడి ప్రభువులు ఒక ఆజ్ఞ తెచ్చిండ్రు. బీరును బార్లీ, హాప్స్ అనే తీగ పువ్వు, నీళ్లు, ఈ మూడింటితోనే చేయాలని దాని సారం. గోధుమ రొట్టెకు కావాలి కాబట్టి బీరుకు వాడొద్దన్నరు. అంతవరకు బాగనే ఉంది. కానీ తర్వాత అదే గోధుమ బీరు కాచే హక్కును డేగెన్‌బర్గ్ అనే ఒక్క జమీందారీ కుటుంబానికి ఇచ్చిండ్రు. 1602లో ఆ వంశం ఆగిపోయినంక హక్కు నేరుగా అక్కడి ప్రభువు మాక్సిమిలియన్ చేతికి వచ్చింది. ఆయన సొంతంగ కాపించి అమ్మించి ఖజానా నింపుకున్నడు. సుమారు రెండు వందల ఏండ్లు, 1798 దాకా అది ప్రభువుల గుత్తగనే ఉంది.

అంటే జనానికి కూడదన్నది ప్రభువుకు కూడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తది.

ఇప్పుడు మన ఇప్ప దగ్గరకు పోదాం. గోండీలో ఇరుప్ అంటం, ఊరిని బట్టి పలుకు కొంచెం మారుతది. ఫాల్గుణం, చైత్రం నెలల్లో, అంటే మార్చి, ఏప్రిల్‌లో చెట్టు ఆకు రాల్చుకుని మోడుగా నిలబడ్డప్పుడు పువ్వు వస్తది. తెల్లారకముందు నుంచి టపటపా రాలుతది. మందమైన తీపి పువ్వు. మనం పోయేలోపు ఎలుగుబంటి వచ్చి తిని పోయిన రోజులు మన పెద్దలందరికీ తెలుసు. చెట్టు కింద ఆకు ఊడ్చి, చదును చేసి, బుట్ట పట్టుకుని అవ్వలు, పిల్లలు ఏరుతరు. ఎండబెడితే పువ్వు ముడుచుకుని ఎండుద్రాక్ష రంగుకు వస్తది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అందుకే అది ముందు తిండి, తర్వాతనే తాగుడు. జొన్నలు అయిపోయి కొత్త పంట రాని నెలల్లో ఇప్పపువ్వు ఉడకబెట్టుకుని తిని బతికిన ఇండ్లు మనయి. గింజ నుంచి తీసిన ఇప్పనూనె కూరకు, దీపానికి పనికొచ్చింది.

తాగుడు ఎట్ల అయితదో మీలో చానామందికి తెలుసు. ఎండిన పువ్వును కుండలో నీళ్లు పోసి నానబెడితే కొన్ని రోజులకు పులుస్తది. దాన్ని పొయ్యి మీద కాచి, ఆవిరిని గొట్టం గుండా చల్లటి కుండలోకి దించితే చుక్కచుక్కగా పడేదే ఇప్పసారా. శాస్త్రం చూస్తే బీరు పులవడం, ఇప్ప పులవడం ఒకటే పని. చక్కెరను ఈస్ట్ తిని మద్యం చేస్తది. బవేరియావాళ్లు పులిసిన దాన్ని అట్లనే తాగిండ్రు, మనవాళ్లు దాన్ని కాచి ఆవిరి పట్టిండ్రు. తేడా అంతే.

మనవాళ్లకు రుచి చూసే పద్ధతి లేదనుకోవద్దు. మొదట దిగిన చుక్కలు గట్టిగ ఉంటయి, చివరికి పలుచబడతయి. నాలుగు చుక్కలు నిప్పులో వేసి మంట లేస్తదా లేదా చూస్తరు. పొగ వాసన పట్టిందంటే పొయ్యి ఎక్కువ మండిందని, పులుపు మిగిలిందంటే తొందరపడి కాచిండ్రని చెప్పే ముసలోళ్లను మేము చూసినం. పువ్వు వానకు తడిసి ఎండిందా, మంచి ఎండకు ఎండిందా వాసన పట్టి చెప్తరు. ఇది ఐదు నక్షత్రాల కంటే తక్కువ పరీక్ష కాదు. ఫోన్‌లో లేదు, అంతే.

ఇంకో తేడా ఉంది. పెర్సాపేన్ పూజకైనా, పెండ్లికైనా, చావుకైనా మొదటి చుక్క నేలకు, దేవునికి, పోయిన పెద్దలకు. తర్వాతనే మనిషికి. తెలుగులో కల్లు అంటే తాటికల్లు, ఈతకల్లు. గోండీలో కల్ అంటే సారా. రెండూ ఒక్క వేరు నుంచి వచ్చిన మాటలే. మన తాగుడు మాట నిన్న మొన్న ఎవరో మప్పింది కాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

మరి ఇది నేరం ఎట్ల అయింది?

నిజాం రాజ్యంలో భూమిశిస్తు తర్వాత పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి. 1316 ఫస్లీలో, అంటే సుమారు 1907లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. కాచాలంటే లైసెన్సు, అమ్మాలంటే లైసెన్సు. దుకాణాలు హర్రాజులో పాడుకున్న గుత్తేదారుకు తన సరుకే అమ్ముడుపోవాలి. మన గూడెంలో అవ్వ పొయ్యి మీద కాచుకుంటే ఆయనకు నష్టం. మన ఇంటి పొయ్యి దొంగపొయ్యి అయింది అట్ల. మన ఊర్లల్లో ఇప్పటికీ ముసలోళ్లు ఎక్సైజు అనరు, "ఆబ్కారోళ్లు" అంటరు. ఆ మాటలోనే వందేండ్ల భయం ఉంది.

ఇది నిజాం ఒక్కడు చేసింది కూడా కాదు. పక్కన బొంబాయి రాజ్యంలో ఇంగ్లీషోళ్లు 1878లో ఆబ్కారీ చట్టం తెచ్చిండ్రు. అది చాలక 1892లో మౌరా చట్టం అని ఇంకొకటి తెచ్చి, ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు ఏరి దాచుకోవడం మీదనే కట్టడి పెట్టిండ్రు. సారా మీద కాదు, పువ్వు మీద. అడవిలో రాలే పువ్వు ప్రభుత్వ ఆదాయానికి అడ్డం వచ్చింది. ఆ పువ్వు తిండి అన్న సంగతి వాళ్లకు లెక్క కాలేదు.

అదే కాలంలో అడవికి రిజర్వ్ హద్దులు పడ్డయి. పశువుల మేతకు పన్ను, కట్టెలకు పన్ను. పోడు కొట్టిన భూమి మనది కాదన్నరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం పోయింది ఈ బాధల మీదనే. ఆయన పేరుతో మనం అనే జల్, జంగల్, జమీన్‌లో జంగల్ అంటే ఒక్క టేకు కాదు. ఇప్పచెట్టు, దాని కింద ఏరే అవ్వ కూడా ఆ మాటలో ఉన్నరు. భీం పోయినంక ఇక్కడికి వచ్చిన హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి మన దేవుళ్లు, పెండ్లిళ్లు, చావులు అన్నీ రాసిండు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. పూజల్లో మన తాగుడుకు ఉన్న చోటు తెలుసుకోవాలంటే లైబ్రరీలో దాన్ని వెతికి చదవండి.

స్వాతంత్ర్యం వచ్చినంక పొయ్యికి స్వాతంత్ర్యం వచ్చిందా? 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. పాత ఆబ్కారీ పేరు పోయింది, లైసెన్సు పద్ధతి పోలేదు. 1975లో కేంద్రం ఆదివాసీ ప్రాంతాల కోసం ఎక్సైజు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆదివాసీ ప్రాంతాల్లో సారా వ్యాపారం ఆపండి, వాళ్లు సొంతానికి, ఆచారానికి కాచుకునే దానిని కాచుకోనియ్యండి అని దాని సారం. కాగితం మంచిదే. కానీ దుకాణం మన సంతల దాకా వచ్చింది, పొయ్యి మీద కేసు కూడా ఉండిపోయింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డరు. రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్. 1995 జనవరిలో మొత్తం మద్యమే బంద్. 1997లో ఆ నిషేధం ఎత్తేసిండ్రు, సీసా మందు తిరిగి వచ్చింది. సర్కారు సీసాకు తలుపు తెరుచుకుంది, ఇప్ప కుండకు మాత్రం తెరుచుకోలేదు. బవేరియా ప్రభువు కథ గుర్తుందా? జనానికి కూడదన్నది ఖజానాకు కూడింది.

ఇక్కడ ఒక సొంత సంగతి. మాలో ఒకరి అవ్వ సంతకు ఇప్పపువ్వు సంచి తీసుకపోతుంటే దారిలో ఆపిండ్రు. "తినడానికి, సార్" అన్నదట. సంచి విప్పి రోడ్డు మీద పారబోసిండ్రు. పదిహేను రోజులు తెల్లారకముందు లేచి ఏరిన పువ్వు. అవ్వ మళ్లా ఏరుకుందామని వంగితే బండి దాని మీద నుంచి పోయింది. ఆమె ఆ సంగతి చెప్పినప్పుడు కోపంగ చెప్పలేదు, సిగ్గుపడుతూ చెప్పింది. మమ్మల్ని ఇన్నేండ్లు కోసింది ఆ సిగ్గే.

ఇంకో సంగతి కూడా దాచొద్దు. మాలో ఇంకొకరి బాపు తాగి తాగి పోయిండు. ఆయన తాగింది ఇప్ప కాదు. మొదట బెల్లం, నవసాగరం కలిపిన గుడుంబా, తర్వాత దుకాణం సీసా. ఇప్పసారాకు ఒక కాలం ఉండేది, ఒక పండుగ ఉండేది, పక్కన పెద్దలు ఉండేవాళ్లు. సీసాకు కాలం లేదు, పొద్దున ఆరింటికి కూడా దొరుకుతది. అయితే ఇప్పసారా తాగి పాడైనోళ్లు లేరా అంటే ఉన్నరు. దెబ్బలు తిన్న అక్కలు ఉన్నరు. "మన సంస్కృతి" అని తాగుబోతుతనానికి ముసుగు వేస్తే ఆ అక్కల ముందు మనం తలెత్తుకోలేం.

అందుకే మేము అడిగేది తాగే హక్కు కాదు, నిర్ణయించే హక్కు. ఆ హక్కు చట్టంలో ఉంది. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం ఆపడానికి గానీ అదుపు చేయడానికి గానీ గ్రామసభకు, పంచాయతీకి అధికారం ఉండాలంటది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఇప్పపువ్వు అందులోదే. మన ఊర్లో దుకాణం వద్దని గ్రామసభ తీర్మానం చేయొచ్చు. ఆ సభలో అక్కలు కూర్చుంటే ఏం తీర్మానం అయితదో అందరికీ తెలుసు. అక్కడ పువ్వుకు రక్షణ దొరుకుతది, సీసాకు అడ్డం పడతది. రెండూ ఒక్క సభలోనే కావాలి.

ఇప్పుడు గాలి మారుతున్నది. ఉట్నూరులో మన అక్కలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నరు. 2025 మార్చిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటకాల గురించి చెప్పిండు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్ చేస్తమని ప్రకటించింది, ఆదివాసీ సంఘాల చేతనే కాచిస్తున్నది. గోవాలో ఇప్పతో చేసిన మందు అందమైన సీసాల్లో అమ్ముతున్నరు. రేపు హైదరాబాద్‌లో ఇప్పపువ్వు వేసిన గోధుమ బీరు వస్తే మేము ఆశ్చర్యపోం. దానికి నాలుగున్నర నక్షత్రాలు కూడా పడతయి.

అప్పుడు మనం అడగాల్సినవి కొన్ని ఉన్నయి. పువ్వు ఎవరు ఏరిండ్రు? కిలోకు ఎంత ఇచ్చిండ్రు? పేరు ఎవరిది? లాభం ఏ ఊరికి పోయింది? అదే పువ్వు మీద మన అవ్వ మీద పెట్టిన కేసు సంగతేంది?

చివరగా మా మార్కులు. పండు రసం గోధుమ బీరుకు ఐదుకు మూడు, చెప్పినం. ఇప్పసారాకు మేము మార్కులు వేయం, అది దేవుని ముందు పెట్టేది. ఇప్పపువ్వు లడ్డూకు ఐదుకు ఐదు. ఆబ్కారీ చట్టాలకు మీరే వేసుకోండి.

ఒక పని మాత్రం అడుగుతున్నం. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇంట్లో ముసలోళ్ల దగ్గర కూర్చోండి. ఇప్పపువ్వు ఏరడం, వండడం, ఆబ్కారోళ్లు వచ్చిన రోజు, సంతలో పెట్టిన ధర, ఏది చెప్తే అది గోండీలోనో కోలామిలోనో ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్లు సిగ్గుపడతరు. సిగ్గు మీది కాదవ్వా అని చెప్పండి. చెప్పి, వినండి.

జై సేవా. జల్, జంగల్, జమీన్.