ఎర్రమంజిల్ మీద గీసిన గడి

సాయంత్రం ఆరున్నర. మీరు ఎర్రమంజిల్ మెట్రో మెట్లు దిగి పిల్లర్ పక్కన ఆగారు. పైన ఎల్‌బీ నగర్ రైలు వెళ్తోంది, కింద పంజాగుట్ట వైపు బండ్లు కదలడం లేదు. ఫోన్‌లో అద్దె ఇళ్ల మ్యాప్ తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేయగానే తెర మీద ఒక గడి మిగిలింది: అక్షాంశం 17.41 నుంచి 17.43, రేఖాంశం 78.45 నుంచి 78.46. ఆ నాలుగు అంకెలూ సర్వర్‌కి బయల్దేరాయి. వాటి వెంటే పదండి.

ఆ అద్దె ఇళ్ల టేబుల్ పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. అక్షాంశం, రేఖాంశం రెండిటినీ కలిపి ఇండెక్స్ వేశారు. మామూలు బీ-ట్రీ, 1970లో బోయింగ్‌లో పనిచేస్తూ బేయర్, మెక్రైట్ రూపొందించినదే. ఎనిమిది కేబీల రూట్ పేజీలోకి వచ్చారు. 17.41 ఎటుందో చూసి కిందికి, మళ్లీ కిందికి. లక్షల వరుసలున్నా మూడు నాలుగు పేజీల్లోనే లీఫ్‌కి చేరిపోయారు.

అసలు నడక ఇక్కడే మొదలవుతుంది. మొదటి ఎంట్రీ రేఖాంశం 78.41, ఫిల్మ్‌నగర్ వైపు ఇల్లు. దాని పక్కదే 78.53, ఉస్మానియా క్యాంపస్ దగ్గర. ఆ తర్వాతది మళ్లీ ఇటు. ఈ వరుస అక్షాంశానిది. రెండు ఇళ్ల అక్షాంశం అచ్చంగా ఒకటైతేనే రేఖాంశానికి వంతు వస్తుంది. ఐదారు దశాంశాల దాకా నమోదయ్యే చోట అది ఎంత అరుదు! రేఖాంశం కుదరని ఎంట్రీని ఇక్కడే వదిలేయొచ్చు, టేబుల్ దాకా పోనక్కర్లేదు. అది చిన్న లాభం కాదు. అయినా 17.43 వచ్చేదాకా ఊరి మీద అడ్డంగా పరిచిన ఆ పట్టీలోని లీఫ్ పేజీలన్నీ తిరగాల్సిందే. కాలమ్‌లు అటూ ఇటూ మారిస్తే పట్టీ నిలువవుతుంది, అంతే.

అమీర్‌పేట క్లాసుల్లో నోట్సు రాసుకునే సూత్రం ఒకటుంది: ఈక్వల్స్ కాలమ్ ముందు, రేంజ్ కాలమ్ తర్వాత. ఏరియా ఎర్రమంజిల్, అద్దె 15 వేల నుంచి 20 వేలు అని అడిగితే అది చక్కగా పనిచేస్తుంది. రెండూ రేంజ్‌లైనప్పుడు మాత్రం ఏది ముందు పెట్టినా రెండోది వడపోతకే పనికొస్తుంది. విడివిడిగా రెండు ఇండెక్స్‌లు వేసి బిట్‌మ్యాప్‌లు కలిపినా, రెండు పట్టీలూ చదవక తప్పదు.

ఇప్పుడు ఇంకో చెట్టు. అక్షాంశ రేఖాంశాలను ఒకే పాయింట్‌గా మార్చి జిస్ట్ ఇండెక్స్ వేద్దాం. 1984లో గట్‌మన్ ప్రతిపాదించిన ఆర్-ట్రీ పద్ధతే ఇది. రూట్‌లో ఉన్నవి విడి అంకెలు కావు, ఊరి ముక్కల చుట్టూ గీసిన పెట్టెలు. తార్నాక పెట్టె మీ గడిని తాకడం లేదు, దాని కింద ఉన్న పేజీలన్నీ అక్కడికక్కడే తప్పుకున్నాయి. ఖైరతాబాద్, పంజాగుట్ట ఉన్న పెట్టె తాకుతోంది, అందులోకి దిగండి. పెట్టెలు ఒకదాని మీదికొకటి వస్తే రెండింట్లోకీ దిగాలి, అయినా ఆ పట్టీ నడకతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

దీనికి అద్దె హద్దు కూడా తోడైతే బీట్రీ-జిస్ట్ ఎక్స్‌టెన్షన్‌తో ఆ కాలమ్‌నీ ఇందులోనే చేర్చొచ్చు. ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌కి బఫర్స్ జోడించి నడపండి, ఒక్కో ఇండెక్స్‌తో వెతికితే ఎన్ని పేజీలు తాకాల్సొచ్చిందో అది చెప్తుంది.