గొట్టాలకు తొడిగిన కోటు

మొన్న ప్లంబరు మా గీజరు పైపుకి నల్లటి స్పాంజి తొడుగు వేస్తూంటే “ఎందుకయ్యా ఈ కోటు?” అన్నాను. “నీళ్ళ వేడి దారిలోనే పోకుండానమ్మా!” అన్నాడు.

ఈ కోటుకో పాత కథ ఉంది. వెనకటికి ఇంగ్లండులో పెద్ద భవనాల ఆవిరి గొట్టాలకి ఆస్బెస్టాస్ వేసేవారు. కాలదు, వేడిని పోనివ్వదు, పైగా చవక. ఇంకేం కావాలి? పొడిని పిండి కలిపినట్టు నీళ్ళతో కలిపి చేతుల్తో మెత్తేవారు. సాయంత్రానికి ఆ ధూళి బట్టల్నిండా ఇంటికొచ్చేది. ఇల్లాలు దులిపి, ఉతికి ఆరేసేది. మనం మాత్రం? దులపందే నీళ్ళల్లో వేస్తామా!

1931లో ప్రభుత్వం ధూళికి నిబంధనలు పెట్టింది - ఫ్యాక్టరీలో ధూళికి, పెరట్లో దులిపేదానికి కాదు.

1965లో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు స్త్రీలు లండన్‌లో మెసోథీలియోమా అనే కాన్సరు వచ్చిన 76 మంది జీవితాలు ఆరా తీశారు. 31 మంది ఆస్బెస్టాస్‌తో పని చేసినవాళ్ళే. మరో 9 మంది ఆ పని చేసినవాళ్ళు కాదు, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళు. ఎక్కువగా బట్టలుతికిన భార్యలు. ఉతికిన ఎన్నో ఏళ్ళకి బయటపడిన జబ్బు!

బ్రిటన్ ఆస్బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 1999లో. పాత భవనాల గొట్టాలమీద అది ఇంకా ఉంది.