రైలుబండి రాని శీతకాలము

చరిత్ర యనగా రాజుల యుద్ధములు, సంధులు, పట్టాభిషేకములు నని మనకు బాల్యమునుండి నేర్పిరి. ఇరువదేండ్లుగా బడిలో చరిత్ర చెప్పుచున్న మేమును పిల్లలకు అట్లే నేర్పితిమి. ఒక చిన్న యూరి వంటయింట పొయ్యి యెట్లు మండెనో, పిండి యెట్లు విసరిరో తెలుపు వ్రాతను చరిత్రమనుటకు మాకు నోరు రాలేదు. అది మా పొరపాటని తెలిపినది అమెరికాలోని డి స్మెట్ అను నూరు.

ఈ యూరు డకోటా బయళ్లలో 1880వ సంవత్సరమున వెలసినది. దీనిని పుట్టించినది నదియు గాదు, కోవెలయు గాదు. చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైలుమార్గము. 1862 నాటి శాసనముచే, ఐదేండ్లు కాపురముండి సాగుచేసినవారికి 160 ఎకరముల సర్కారు భూమి దక్కుచుండెను. ఆ యాశతో జనులు వచ్చిరి. కనుచూపుమేర చెట్టు లేని గడ్డినేల యగుటచే కలప, బొగ్గు, కిరసనాయిలు, పిండి సమస్తమును తూర్పునుండి రైలుమీద రావలసినదే.

ఆ యేటి అక్టోబరులోనే మంచుతుపాను విరుచుకొనిపడెను. 1881 జనవరిలో బండ్లు నిలిచిపోయెను. మనుష్యులు పారలతో మంచు నెత్తిపోయగా, మరల గాలి వీచి మార్గమును పూడ్చెడిది. మే నెలవరకు బండి రాలేదు.

ఆ యూర నప్పుడు పదుమూడేండ్ల బాలికయైన లారా ఇంగాల్స్ వైల్డర్, అరువదేండ్ల పిమ్మట 1940లో ఆ శీతకాలమును 'ది లాంగ్ వింటర్' అను నవలగా వ్రాసెను. బొగ్గు తీరగా ఎండుగడ్డిని కట్టెలవలె మెలిపెట్టి పొయ్యిలో వేసిరట. కిరసనాయిలు లేకపోగా తల్లి గుడ్డపీలికతో చుట్టిన బొత్తామును బండికందెనలో నిలిపి దీపము చేసెనట. కాఫీగింజలు విసరు చేతిమరలో గోధుమలు పోసి ఇంటివారందరు వంతులవారీగా త్రిప్పిరట. చూపు పోయిన అక్క మేరీకిని అందొక వంతు కలదు. గోధుమలు నిండుకొనగా ఇరువురు యువకులు ప్రాణములకు తెగించి మంచులో దూరము పోయి తెచ్చిరి; కూలి గైకొనలేదు. సొమ్ము పెట్టిన వర్తకుడు మాత్రము కొన్న ధరకు రెండింతలకు పైగా అడిగెను. ఊరివారు కోపించి గుమిగూడి, తుదకు కొన్న ధరకే అమ్మునట్లు ఒప్పించిరి. ఒక సంఘము బ్రదుకుట కేమి కావలెనో ఈ ఘట్టము ఏ శాసనముకన్నను తేటగా చెప్పుచున్నది.

పిమ్మట మేరీ అయోవాలోని అంధపాఠశాలకు పోయెను. లారా పదునైదేండ్లకే ఉపాధ్యాయినియై, తన జీతము అక్క చదువునకు తోడు చేసెను. ఆ యింట స్త్రీవిద్య ఉపన్యాసవిషయము గాదు. ఇంటిపద్దులోని యొక ఖర్చు.

అయినను స్మృతికిని లోపములు కలవు. అదే గ్రంథమున, ఆ నేల తొలివాసులలో నొక వృద్ధుడు దుకాణమునకు వచ్చి, రానున్న శీతకాలము కడు కఠినమని హెచ్చరించి వెళ్లిపోవును. అతడెచటికి పోయెను? ఆ యూరు వెలయకమున్ను ఆ బయళ్లు డకోటాజాతివారి వేటనేలలు. ఊరిని కాపాడగోరి పలికిన వానికి ఊర తావు లేకపోయెను. గ్రంథము ఆ ప్రశ్న నడుగక ముందునకు సాగిపోవును.

కావున చదువరులకు మా మనవి యిది. ఇంటి పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, చెప్పు పాతమాటలను వ్రాసి యుంచుడు. ధర, దీపము, తిండి ఏదియు అల్పమని విడువకుడు. వ్రాసిన పిదప మరియొక్కటి యడుగుడు: ఈ కథలో గడపదాక వచ్చి, పేరైన లేక మరలిపోయినవా రెవరు? వారి మాటయు చేరినగాని అది చరిత్రము కానేరదు.