రమ్మీలో ముక్కల ఎంపిక

రమ్మీ తెలుగునాట విస్తృతంగా ఆడే పేకాటలలో ఒకటి. ఇందులో ప్రతి ఆటగాడు తన వంతు వచ్చినపుడు ఒక ముక్కను ఎత్తుకొని, చేతిలోని ఒక ముక్కను పడవేయాలి. పంచినపుడు ఏ ముక్కలు వస్తాయన్నది అదృష్టం. వాటిలో దేనిని నిలుపుకోవాలి, దేనిని వదులుకోవాలి అన్నది నేర్పు. ఈ ఎంపికే ఆటకు ఆకర్షణ. రమ్మీ జూదమా, కాదా అన్న న్యాయవివాదం కూడా దీనిపైనే తేలింది.

ఆడే విధానం

13 ముక్కల రమ్మీని సాధారణంగా రెండు పేకలను, జోకర్లను కలిపి ఆడతారు. ఒక్కొక్కరికి 13 ముక్కలు పంచి, మిగిలిన వాటిని బోర్లించి కట్టగా పెడతారు. ఒక ముక్కను మాత్రం పక్కన తెరచి ఉంచుతారు. వంతు వచ్చినవారు తెరచిన ముక్కనైనా, కట్టలోని కనబడని ముక్కనైనా తీసుకోవచ్చు. ముక్కలన్నిటినీ ఒకే రంగు వరుసలుగా గాని, ఒకే అంకె గల వేర్వేరు రంగుల జట్లుగా గాని ముందుగా కూర్చినవారు గెలుస్తారు. కనీసం రెండు వరుసలు ఉండాలి; అందులో ఒకటి జోకరు సాయం లేకుండా ఏర్పడాలి.

ఎంపికలోని నేర్పు

చేతిలో ఇస్పేటు 6, 7 ఉంటే 5 గాని 8 గాని వస్తే వరుస పూర్తవుతుంది. రెండు పేకలలో అట్టి ముక్కలు నాలుగు ఉంటాయి. అదే ఇస్పేటు 6, 8 ఉంటే 7 ఒక్కటే పనికివస్తుంది; అవి రెండే. కనుక మొదటి జత విలువైనది. అయితే పడిన ముక్కలను గుర్తుంచుకోనివారికి ఈ లెక్క ఉపయోగపడదు. రెండు 5లు, రెండు 8లు అప్పటికే పడిపోయి ఉంటే ఆ జతను పట్టుకొని కూర్చోవడం వృథా.

తెరచిన ముక్కను తీసుకుంటే తనకు కావలసినది ఏదో ఎదుటివారికి తెలిసిపోతుంది. కట్టలోనిది తీసుకుంటే రహస్యం నిలుస్తుంది గాని, ఫలితం తెలియదు. పడవేసే ముక్క తరువాతివానికి ఉపయోగపడవచ్చు. ఈ విధంగా ఒక్కొక్క ఎంపికలోను లాభనష్టాలు రెండూ ఉంటాయి.

ఇతర ఆటలలో

19వ శతాబ్దంలో మెక్సికోలో ఆడిన కాంకియన్ రమ్మీ కుటుంబపు తొలి ఆటలలో ఒకటి. 2010లో వెలువడిన 'సెవెన్ వండర్స్' అనే ఆటలో ప్రతివారు తమకు వచ్చిన ఏడు ముక్కలలో ఒకటి ఉంచుకొని, మిగిలినవి పక్కవారికి అందిస్తారు. తనకు కావలసినది, పక్కవానికి ఇవ్వకూడనిది రెండూ ఒకేసారి ఆలోచించవలసి రావడం రమ్మీతో దీనికి గల పోలిక.

న్యాయస్థానాల దృష్టిలో

సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీ ఆటపై వచ్చిన 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ' కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. రమ్మీ మూడు ముక్కలాట వలె కేవలం అదృష్టంపై ఆధారపడినది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికి, ముక్కలను నిలుపుకోవడానికి, వదులుకోవడానికి నేర్పు అవసరమని, అందువలన ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని పేర్కొంది. అయితే ఆట వలన క్లబ్బు యజమానులు లాభం పొందుతుంటే అది నేరం కావచ్చునని కూడా హెచ్చరించింది.

అంతర్జాలంలో పందెపు రమ్మీ వ్యాపించిన తరువాత చట్టం దారి మారింది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టాలను సవరించి దానిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ముక్కల ఎంపికలో నేర్పు ఎంత ఉన్నా, పందెం వలన కలిగే నష్టాన్ని అది ఆపలేదన్నది ఈ చట్టాల వెనుక గల ఆలోచన.